ఉమ్మడి తరగతి ప్రాజెక్టులో ఆన్‌లైన్ సాధనాలు

విద్యార్థులు ఎవరి చోట వారుండి ఒకే పత్రం మీదనో, ఒకే లెక్కల పట్టిక మీదనో, ఒకే ప్రోగ్రామ్ మీదనో కలిసి పనిచేయడానికి వీలిచ్చే ఇంటర్నెట్ సేవలను ఉమ్మడి పని సాధనాలు అంటారు. గూగుల్ డాక్స్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, ఓవర్‌లీఫ్, గిట్‌హబ్, ప్యాడ్లెట్, ట్రెల్లో, రకరకాల వికీలు ఈ కోవలోకి వస్తాయి. వాట్సాప్ ఈ పనికోసం పుట్టింది కాదు. అయినా తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ప్రాజెక్టు బ్యాచ్ ఖాయం కాగానే ముందు తయారయ్యేది వాట్సాప్ గ్రూపే కనుక దాన్ని పక్కన పెట్టి ఈ విషయం మాట్లాడలేం. ఈ సాధనాలు దూరాన్ని తగ్గించాయని, సమయం ఆదా చేశాయని అందరూ చెప్పేదే. నిజమే గానీ చదువు వరకు అది చిన్న లాభం. ఒకే హాస్టల్ గదిలో ఉండే నలుగురికి దూరం ఒక సమస్యే కాదు. తరగతికి కొత్తగా దక్కింది వేరొకటుంది. ఎవరు ఎప్పుడు ఏం రాశారు, ఏం కొట్టేశారు అన్న చిట్టా ఎవరూ పూనుకోకుండానే తయారవుతోంది. ఆ చిట్టాను పని జరుగుతుండగా చదివే ఉపాధ్యాయుడు ఉన్నచోట ఉమ్మడి ప్రాజెక్టు బాగుపడుతుంది. చదివేవారు లేకపోతే పాత తంతే కొత్త తెర మీద సాగుతుంది. చదవడం మానేసి దాన్నే తక్కెడగా వాడితే పాత తంతు కన్నా అన్యాయం జరుగుతుంది. ఈ వ్యాసం ఆ మూడు సంగతులనూ ఆధారాలతో పరిశీలిస్తుంది.

ఉమ్మడి పనికి ఉన్న జబ్బు కంప్యూటర్లకన్నా ఎంతో పాతది. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఏనాడో అన్నారు. ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగించి మరీ దీన్ని కొలిచాడు. 1913లో అచ్చయిన ఆయన పట్టిక ప్రకారం ఒంటరిగా లాగినప్పటి బలం నూటికి నూరు అనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు తలకు 93, నలుగురైతే 77, ఎనిమిది మందైతే 49 మాత్రమే. ఇది బద్ధకమా, లేక అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడమా అన్న సందేహం అలాగే మిగిలింది. 1979లో అమెరికాలో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి చూశారు. ఆరుగురి గుంపులో ఒక్కొక్కరి పాలు విడిగా చేయగలిగినదానిలో 40 శాతానికి పడిపోయింది. కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, పక్కన గుంపు ఉందని నమ్మించి ఒంటరిగానే కేక వేయించినా గొంతు తగ్గింది. అంటే సమన్వయం కుదరకపోవడం ఒక కారణమైతే, మనసు పెట్టకపోవడం ఇంకో కారణం. అదే బృందం 1981లో చేసిన ప్రయోగం మన విషయానికి మరీ ముఖ్యం. గుంపులో ఉన్నా ఎవరి శబ్దం వారిది విడిగా తెలిసిపోతుందని చెప్పినప్పుడు ఆ తగ్గుదల మాయమైంది. ఉమ్మడి ప్రాజెక్టుల్లో ఒకరు రాత్రంతా కూర్చోవడం, మిగతావారు ముఖపత్రం మీద పేరు చేర్చుకోవడం అనే పాత ఫిర్యాదుకు మందు ఎక్కడుందో ఈ ప్రయోగం చెప్పింది. పని చేసేవాడి పని కనపడాలి.

సాధనాలు రూపొందించినవారు మాత్రం దీన్ని ఉద్దేశించలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన ప్లేటో అనే బోధన వ్యవస్థకు 1973 నాటికి చర్చా వేదిక, అక్షరం అక్షరం కనిపించే సంభాషణ పద్ధతి అమరాయి. అంతకుముందే, 1968 డిసెంబరు 9న, డగ్లస్ ఎంగెల్‌బర్ట్ శాన్ ఫ్రాన్సిస్కోలో సభ ముందు కూర్చుని, మెన్లో పార్కులో ఉన్న సహోద్యోగితో కలిసి ఒకే తెర మీద పనిచేసి చూపించాడు. 1995లో వార్డ్ కనింగ్‌హమ్ పెట్టిన తొలి వికీ, 2001లో వచ్చిన వికీపీడియా, ఎవరైనా దిద్దగల పేజీ అనే భావనకు జనంలో అలవాటు కల్పించాయి. 2005లో ఒక చిన్న సంస్థ బ్రౌజర్‌లో నడిచే రైట్లీ అనే రాత పనిముట్టు తెచ్చింది, 2006లో గూగుల్ దాన్ని కొని డాక్స్‌గా మార్చింది. అదే 2005లో లినక్స్ కెర్నల్ అవసరం కోసం లైనస్ టోర్వాల్డ్స్ ప్రోగ్రామ్‌లో జరిగే మార్పులను నమోదు చేసే గిట్ రాశాడు, 2008లో దాని మీద నడిచే గిట్‌హబ్ వచ్చింది. 2008లోనే వచ్చిన ఈథర్‌ప్యాడ్ మన దృష్టికి అన్నిటికంటే ఆసక్తికరమైనది. అందులో ఒక్కొక్కరి రాత ఒక్కో రంగులో కనపడేది, ఒక జారుడు మీట లాగితే పత్రం ఖాళీ కాగితం నుంచి చివరి వాక్యం దాకా ఎలా పెరిగిందో సినిమాలా చూడవచ్చు. గూగుల్ 2009లో ఈథర్‌ప్యాడ్ సంస్థను కొన్నది గానీ ఆ రంగులు డాక్స్ పేజీ మీదికి రాలేదు. వెర్షన్ హిస్టరీ అనే మెనూ వెనక్కి వెళ్లిపోయాయి. తెరవాలనుకున్న ఉపాధ్యాయుడు తెరిస్తేనే అవి కనపడతాయి. 2014లో గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చాక పాఠశాలలకు ఈ వ్యవస్థంతా ఒకే చోట దొరికింది.

ఈ చిట్టా ఎలా తయారవుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని బలం, లోపం రెండూ అక్కడే ఉన్నాయి. భూగోళశాస్త్రం ప్రాజెక్టులో ఇద్దరు విద్యార్థినులు ‘కృష్ణా నది పొడవు 1300 కిలోమీటర్లు’ అనే వాక్యం మీద ఒకేసారి చేయి పెట్టారనుకుందాం. ఒకామె వాక్యం మొదట్లో ‘మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన’ అని చేరుస్తోంది, అదే క్షణంలో రెండో ఆమె 1300ను 1400గా దిద్దుతోంది. రెండో ఆమె కంప్యూటర్ సర్వర్‌కు పంపే కబురు ‘ఫలానా స్థానంలో ఉన్న 3 తీసి 4 పెట్టు’ అని. కానీ మొదటి ఆమె చేర్చిన మాటల వల్ల ఆ స్థానం కుడికి జరిగిపోయింది. ఎన్ని గుర్తులు చేరాయో లెక్కగట్టి, అంతమేరకు రెండో ఆదేశాన్ని జరిపి అమలు చేయడమే ఇక్కడి కిటుకు. ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు 1989లో ప్రతిపాదించిన ఈ పద్ధతే గూగుల్ డాక్స్‌కు ఆధారం. స్థానాలను లెక్కపెట్టేది మన కంటికి కనిపించే అక్షరాలతో కాదు. ‘కృష్ణా’ మనకు రెండక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఎవరు ఎన్ని అక్షరాలు టైపు చేశారో లెక్కతీసి మార్కులు వేయాలనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు. ఒత్తులు ఎక్కువున్న పేరాను రాసినవాడు లెక్కల్లో ఎక్కువ కష్టపడ్డవాడిగా తేలతాడు.

గిట్ దారి వేరు. ఇద్దరు విద్యార్థులు ఒకే వరుసను రెండు రకాలుగా మార్చి పంపితే అది ఎవరి మాటా నెగ్గించదు. ఇద్దరి వరుసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్యలో గీతలు, బాణపు గుర్తులు చొప్పించి, మీరే తేల్చుకోండని ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది చిరాకు. ప్రాజెక్టు సమర్పించాల్సిన రాత్రి అయితే చిరాకు కాదు, గుండెదడే. చదువు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ ఆగిపోవడమే విలువైనది. నీ వరుస ఎందుకు ఉంచాలి, నాది ఎందుకు తీసేయాలి అని ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. డాక్స్‌లో ఈ ఘర్షణ ఉండదు. తర్వాత వచ్చినవాడు ముందువాడి వాక్యాన్ని చెరిపి తనది రాసి వెళ్లిపోవచ్చు, మొదటివాడికి తెలియను కూడా తెలియకపోవచ్చు. సాఫీగా నడవడం వాణిజ్య సేవకు గుణమే, తరగతికి అన్నివేళలా కాదు. డాక్స్‌లోనే సజెషన్ పద్ధతి ఉంది. అందులో దిద్దుబాటు రంగులో కనిపిస్తుంది, అవతలివారు ఒప్పుకుంటేనే అమలవుతుంది. తెలిసిన ఉపాధ్యాయులు తోటివారి భాగాన్ని సజెషన్‌లోనే దిద్దమని నియమం పెడతారు. చిన్న నియమమే అయినా అక్కడ చిట్టా రంగు మారుతుంది, అది టైపింగ్ లెక్క నుంచి వాదోపవాదాల నమోదు అవుతుంది.

చిట్టా ఉన్నంత మాత్రాన ఏదీ బాగుపడదని చెప్పడానికి 2011 నాటి పుణె అనుభవాన్ని మించిన ఆధారం లేదు. వికీమీడియా ఫౌండేషన్ ఆ ఏడాది పుణెలోని కొన్ని విద్యాసంస్థల్లో, తరగతి పనిలో భాగంగా విద్యార్థుల చేత ఆంగ్ల వికీపీడియా వ్యాసాలు రాయించే కార్యక్రమం పెట్టింది. కొన్ని వందల మంది ఒకేసారి రంగంలోకి దిగారు. పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తి పెట్టిన పేరాలు వెల్లువెత్తాయి. కాపీహక్కుల ఉల్లంఘన అంటే ఏమిటో చాలామందికి ఎవరూ విడమరచి చెప్పలేదు. మన బడుల్లో గైడ్ చూసి రాసింది రాసినట్టు అప్పజెప్పడమే మార్కులు తెచ్చే పద్ధతి కనుక వారిని తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. వికీలో ప్రతి మార్పూ పేరుతో, సమయంతో నమోదవుతుంది కాబట్టి వాటిని వెతికి తొలగించడం స్వచ్ఛంద సంపాదకులకు సాధ్యమైంది. అయితే ఆ చిట్టాను తరగతిలో వారం వారం చూసినవారు లేరు, చూసింది బయటివారు, అదీ నష్టం జరిగాక. ఏడాది తిరక్కుండానే ఆ కార్యక్రమం ఆపేశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో విద్యార్థులతో చేసిన పని ఇంతకన్నా చిన్నగా, నిదానంగా సాగింది. 2010ల మధ్యలో విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో అలాంటి శిక్షణలు జరిగాయి. సంఖ్య తక్కువైనప్పుడు కొత్తవారి ప్రతి మార్పునూ అనుభవజ్ఞుడొకరు చూడగలడు. చూసేవారికీ రాసేవారికీ మధ్య నిష్పత్తి తప్పితే ఎంత మంచి సాధనమైనా పుణె దారే పడుతుంది.

ఇక అభ్యంతరాలు. చిట్టా అబద్ధం చెబుతుందన్నది అన్నిటికన్నా బలమైనది. ఆలోచన ఒకరిది, టైపింగ్ ఒకరిది అయిన సందర్భాలు మన దగ్గర కోకొల్లలు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను చుట్టూ ముగ్గురు చేరి, ఒకరి అకౌంటుతో రాస్తే మిగతా ఇద్దరూ చిట్టాలో లేనట్టే. ఒకమ్మాయి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో విశ్లేషణంతా చెబితే, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చిన స్నేహితురాలు దాన్ని ఎక్కిస్తుంది. పేరు రెండో ఆమెది. తెలుగు మాధ్యమంలో ఇది మరీ ఎక్కువ. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు పేరాను తెచ్చి డాక్స్‌లో అతికిస్తే అక్షరాలు చెదిరి అర్థం లేని రోమన్ గుర్తులుగా మారతాయి, ఎందుకంటే ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. దాంతో ఎవరో ఒకరు మళ్లీ మొదటినుంచి కొట్టాలి. చిట్టాలో ఆ గుమస్తా పనే మహారచనగా కనపడుతుంది. గిట్‌లో సంగతి ఇంకా సున్నితం. రచయిత పేరు, తేదీ కంప్యూటర్ వాడేవాడు ఏది నింపితే అదే. డబ్బిచ్చి హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టును కూడా నలుగురి పేర్లతో, మూడు నెలల తేదీలతో ముక్కలుగా ఎక్కించడం తెలిసినవాడికి ఒక పూట పని. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాక తేలేదేమిటంటే, చిట్టాను తీర్పుగా వాడకూడదు, ప్రశ్నగా వాడాలి. ‘ఈ భాగం 14వ తేదీ రాత్రి ఒక్కసారిగా వచ్చిందే, ముందు ఎక్కడ రాసుకున్నారు?’ అని ప్రాజెక్టు గైడ్ అడిగితే, ఫోనులో కలిసి రాసినవారికి జవాబు ఉంటుంది, కొన్నవారికి తడబాటు ఉంటుంది. ప్రాజెక్టుకు వైవా ఉండటం మన విశ్వవిద్యాలయాల్లో పాత ఆచారమే. చిట్టా ఆ వైవాకు మంచి ప్రశ్నలు అందిస్తుంది.

రెండో అభ్యంతరం నిఘా గురించి. ప్రతి కీనొక్కూ నమోదవుతుందని తెలిస్తే విద్యార్థి తప్పు వాక్యం రాయడానికి జంకుతాడు, చిత్తుప్రతి అనేదే లేకుండా పోతుంది, ముందు వేరేచోట రాసుకుని నున్నగా చెక్కి తెచ్చి అతికిస్తాడు అంటారు. ఇందులో నిజముంది. లటానే బృందం చూపింది కేకలు వేయడం లాంటి పని. గమనించేవారుంటే అటువంటి పని పెరుగుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న క్లిష్టమైన పని అలా కాదు, పక్కన ఎవరో చూస్తుంటే చెడేదే ఎక్కువ. కాబట్టి ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్నది ముందే చెప్పాలి. నెలకు రెండుసార్లు, బ్యాచ్ ఎదురుగానే, తెర మీద వెర్షన్ హిస్టరీ తెరిచి మాట్లాడే గైడ్ వేరు, అర్ధరాత్రి గుట్టుగా తెరిచి లెక్క రాసుకునే గైడ్ వేరు. చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటుంది. అంటే పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల్లో చాలామంది ఈ పరిధిలోకి వచ్చినట్టే. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకున్న పాఠశాల బాధ్యత అక్కడితో తీరదు. తరగతి ముగిశాక ఆ చిట్టాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా చెప్పాలి.

మూడోది, ఇవి కలిసి పనిచేయడాన్ని కాక పంచుకుని పనిచేయడాన్ని పెంచుతాయన్న విమర్శ. ఉపోద్ఘాతం నీది, పద్ధతి నాది, ఫలితాలు వాడివి అని పంచుకుని చివరి రోజు అతికిస్తే నాలుగు గొంతులున్న నివేదిక వస్తుంది, మూడో భాగంలో ఏముందో మొదటి భాగం రాసినవాడికి తెలియదు. విమర్శ సరైనదే గానీ సాధనం మీద వేయాల్సినది కాదు. కాగితం రోజుల్లోనూ ఇదే జరిగేది. పంచుకోవడం తప్పు కూడా కాదు, పంపకం ఎలా ఉందన్నదే ముఖ్యం. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో ఎలియట్ ఆరన్‌సన్ ప్రవేశపెట్టిన జిగ్‌సా పద్ధతిలోనూ పాఠాన్ని ముక్కలుగానే పంచుతారు. అయితే ప్రతి ఒక్కరూ తన ముక్కను తోటివారికి బోధించాలి, పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్, రోజర్ జాన్సన్ సోదరులు దశాబ్దాల పాటు చేసిన పరిశోధన సారం కూడా ఇదే. ఒకరు లేనిదే మరొకరి పని సాగకూడదు, ఎవరి బాధ్యత వారికి విడిగా ఉండాలి. ఈ రెంటిలో ఏది లోపించినా గుంపు పని గుంపులో గోవిందయ్య అవుతుంది. ఆన్‌లైన్ సాధనం రెండోదాన్ని చిట్టా ద్వారా తేలిక చేస్తుంది, మొదటిదాన్ని చేయలేదు. అది ప్రాజెక్టు రూపకల్పనలో ఉండాలి. ఉదాహరణకు భూగర్భ జలాల మీద సర్వే అయితే, ఒక విద్యార్థి స్ప్రెడ్‌షీటులో ఎక్కించిన బావుల కొలతల నుంచే రెండో విద్యార్థి గ్రాఫులు గీయాలి, ఆ గ్రాఫుల మీదే మూడోవాడు వ్యాఖ్య రాయాలి. వైవాలో ఎవరు రాసిన భాగం గురించి వారిని కాక పక్కవారిని అడగాలి. అప్పుడు కామెంట్లలో ‘3వ బావి లోతు అడుగుల్లో వేశావా, మీటర్లలోనా?’ లాంటి ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. నిజానికి ఒక బ్యాచ్ కలిసి పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి పేజీల లెక్కకన్నా ఇలాంటి కామెంట్లే నమ్మదగిన సాక్ష్యం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ చర్చకు మరో మలుపు వచ్చింది. యంత్రం రాసిన 600 మాటలు ఒకే క్షణంలో పత్రంలో వాలితే వెర్షన్ హిస్టరీ దాన్ని పట్టిస్తుందని, కాబట్టి చిట్టాయే కొత్త కాపలాదారు అని కొందరు ఉపాధ్యాయులు సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువకాలం నిలిచేది కాదు. నెట్ లేక వర్డ్‌లో రాసుకుని తర్వాత అతికించినవాడి చిట్టా కూడా అలాగే ఉంటుంది. యంత్రం రాసినదాన్ని చూసి నెమ్మదిగా టైపు చేసినవాడి చిట్టా మాత్రం ముత్యంలా కనిపిస్తుంది. చిట్టాను తక్కెడగా వాడొద్దన్న వాదానికి ఇది మరింత బలమిస్తుంది, అంతే.

అందుబాటు సమస్యను మాత్రం వాదంతో తీర్చలేం. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో దేశంలో కంప్యూటరున్న ఇళ్లు గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9, 42 శాతం. రెండేళ్లు తిరిగేసరికి కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి పాఠాలు టీ-శాట్ ద్వారా, దూరదర్శన్ యాదగిరి ద్వారా ప్రసారమయ్యాయి. టీవీ పాఠం వినిపిస్తుంది గానీ నలుగురు పిల్లల్ని ఒక ప్రాజెక్టు మీద కూర్చోబెట్టలేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, డేటా చవకైంది. కంప్యూటర్ మాత్రం అంతగా చేరలేదు. ఫోను తెర మీద కామెంటు పెట్టవచ్చు, ఫొటో ఎక్కించవచ్చు, పది పేజీల నివేదికను దిద్దడం నరకం. అందుచేత ఒకే సమయంలో అందరూ ఆన్‌లైన్‌లో ఉండాలన్న నియమం పెట్టే ప్రాజెక్టు గ్రామీణ విద్యార్థిని వెనక్కి నెడుతుంది. ఎవరికి వీలైనప్పుడు వారు వచ్చి తమ వంతు చేర్చిపోయే పద్ధతి అతనికి అనుకూలం. కొలతలు, ఇంటర్వ్యూలు, ఫొటోల వంటి ఫోను పనిని కూడా నివేదిక రాతతో సమానంగా లెక్కించకపోతే లాప్‌టాప్ ఉన్నవాడే ఎప్పుడూ ముఖ్య రచయిత అవుతాడు.

చిట్టాల ఆయుష్షు మరో చిక్కు. చాలా పాఠశాలలు, కళాశాలలు విద్యార్థి వెళ్లిపోగానే సంస్థ తరఫున ఇచ్చిన అకౌంటును మూసేస్తాయి. అందులోని పత్రాలను వేరేచోటికి మార్చుకోకపోతే అవీ పోతాయి. సేవలే మూతపడటమూ ఉంది. తరగతుల్లో ఉమ్మడి తెల్లబోర్డుగా వాడిన గూగుల్ జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. ముందే దింపుకున్నవారికి బోర్డులు పీడీఎఫ్‌లుగా దక్కాయి. అందులో చివరి బొమ్మ ఉంటుంది, ఏ చీటీ ఎవరు అతికించారో, ఎవరు తీసేశారో ఉండదు. డాక్స్ పత్రాన్ని వర్డ్ ఫైలుగా దించుకున్నా హిస్టరీ వెంట రాదు. గిట్‌లో మాత్రం మామూలుగా నకలు తీసుకున్న ప్రతి విద్యార్థి కంప్యూటర్‌లోనూ ఆ శాఖ చరిత్ర మొదటి మార్పు నుంచి పూర్తిగా ఉంటుంది. గిట్‌హబ్ మూతపడినా అది పోదు.